మీ గదిలో ఎన్ని అడుగులు వెనక్కి జరగగలరు? తక్కువ ఖర్చులో మొదటి ప్రైమ్ లెన్స్ ఎంచుకునే పద్ధతి

మా అక్క కూతురి బారసాల ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లోనే చేశాం. నేను మిర్రర్‌లెస్ కెమెరా కొని అప్పటికి నెల కూడా కాలేదు. నడవలో ఉయ్యాల కట్టారు, వెలుతురంటే గోడకున్న ఒక ట్యూబ్‌లైటు, ఉయ్యాల పక్కన దీపపు కుందులు, అంతే. పాప చెవిలో పేరు చెప్పే ఘడియ కోసం కాచుకుని కూర్చుని వరసగా ముప్పై ఫోటోలు తీశాను. రాత్రి అందరూ పడుకున్నాక లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే ఒక్కదాంట్లోనూ పాప బుగ్గ నున్నగా లేదు, మొత్తం ఇసక చల్లినట్టు చుక్కలు, మా అమ్మమ్మ చెయ్యి కదిలిపోయి పొగలా ఉంది. అప్పుడు తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట, "50 ఎంఎం ఎఫ్ 1.8 కొను, చవక, అందరూ అదే కొంటారు" అని. కొన్నాను, అది జూమ్ అవ్వని ప్రైమ్ లెన్స్. ఆ తర్వాతి నెలలో అదే నడవలో మా పిన్ని కొడుకుని పెళ్లికొడుకుని చేస్తుంటే, వీపు గోడకి ఆనించి నిలబడినా పీట మీద కూర్చున్న వాడూ నలుగు పెట్టే ముత్తైదువలూ ఒక ఫ్రేములో పట్టలేదు. లెన్స్ మంచిదే, మా నడవకి మాత్రం పొడుగెక్కువ.

మా వైపు, అంటే గంజాం, గజపతి జిల్లాల్లో పాత ఇళ్లు చాలావరకు వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి, పక్కింటికీ మనింటికీ గోడ ఒక్కటే. ఫోటో తీసేవాడికి పక్కకి జరిగే చోటు ఉండదు. ఏ లెన్స్ కొనాలన్నది ముందు ఆ చోటుని బట్టే తేలుతుందని నాకు డబ్బు పోశాక అర్థమైంది. మీరు కొనకముందే అర్థం చేసుకోవాలని ఇంత వివరంగా రాస్తున్నాను. మీరు బరంపురంలో ఉన్నా, రాయగడలో ఉన్నా, గుణుపురంలో ఉన్నా పద్ధతి ఇదే.

ముందు కిట్ లెన్స్ ఎక్కడ ఆగిపోతోందో చూడండి

కెమెరాతో పాటు వచ్చే చిన్న జూమ్ లెన్సు చెడ్డది కాదు. పగటిపూట బయట మహేంద్రగిరి దారిలోనో, జిరంగ్ బౌద్ధారామం దగ్గరో అదే చక్కగా పనిచేస్తుంది. దాని ఇబ్బంది వెలుతురు తగ్గాక మొదలవుతుంది. సోనీ 16-50 లెన్స్ మీద ఎఫ్ 3.5-5.6 అని, కెనాన్ 18-45 మీద ఎఫ్ 4.5-6.3 అని, నికాన్ 16-50 మీద ఎఫ్ 3.5-6.3 అని రాసి ఉంటుంది. మొదటి అంకె జూమ్ చెయ్యనప్పటిది, రెండోది పూర్తిగా జూమ్ చేసినప్పటిది. ఆ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది.

ఇది తలకిందులుగా ఎందుకుంటుందని నేను చాలా రోజులు తికమక పడ్డాను. లెక్క తెలిస్తే తేలిక. ఫోకల్ లెంత్‌ని (లెన్స్ మీద ఎంఎంలో రాసే అంకె, అది పెరిగేకొద్దీ చూపు బిగుసుకుంటుంది) ఈ ఎఫ్ అంకెతో భాగిస్తే లెన్స్ లోపల వెలుతురు దూరే కంత, అంటే అపెర్చర్, వెడల్పు వస్తుంది. 50 ని 5.6 తో భాగిస్తే సుమారు 9 మిల్లీమీటర్లు, అదే 50 ని 1.8 తో భాగిస్తే సుమారు 28 మిల్లీమీటర్లు. కిటికీ రెక్క ఓరగా తెరవడానికీ బార్లా తెరవడానికీ ఉన్నంత తేడా. వైశాల్యంలో చూస్తే ఎఫ్ 1.8 దగ్గర ఎఫ్ 5.6 కంటే దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది. అంటే మా బారసాల నాడు 12800 కి ఎక్కిన ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, ఎక్కువైతే చుక్కలు వస్తాయి), అదే షట్టర్ స్పీడ్‌తో (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) 1250 దగ్గర ఆగేది. చుక్కలు లేని ఫోటోకీ చుక్కల ఫోటోకీ మధ్య ఉన్నది ఇదే.

ప్రైమ్ లెన్స్ అంటే జూమ్ అవ్వనిది, ఒకే ఫోకల్ లెంత్ ఉన్నది. లోపల జూమ్ చేసే గాజు బిళ్లల అమరిక అక్కర్లేదు కాబట్టి అదే డబ్బుకి పెద్ద అపెర్చర్ ఇవ్వగలుగుతారు, బరువూ తక్కువ. దగ్గరవ్వాలన్నా దూరమవ్వాలన్నా మనమే నడవాలి. అందుకే అడుగుల లెక్క.

మీరు ఎక్కువగా తీసేవి పగటి వెలుతురులో కొండలు, జలపాతాలు అయితే ఇప్పుడే ప్రైమ్ కొనకండి, కిట్ లెన్స్‌తోనే ఇంకో ఏడాది హాయిగా గడుస్తుంది. ఆస్కా దగ్గర భెట్నోయి పొలాల్లో కృష్ణజింకల్ని తీయాలని ఆశపడే వాళ్లకీ ఇదే చెబుతాను, వాటికి పొడుగాటి టెలిఫోటో కావాలి, 35 ఎంఎం తో జింక చుక్కలా కనబడుతుంది. ఇంట్లో మనుషులు, పండగలు, గుడి లోపల, మగ్గం గది, సాయంత్రం వీధి, ఇవి తీసేవాళ్లకే ప్రైమ్ లెన్స్ పెట్టుబడి.

మీ పాత ఫోటోలే సాక్ష్యం

ఇప్పటిదాకా తీసిన వాటిలో మీకు బాగా నచ్చిన యాభై ఫోటోలు తీసి పక్కన పెట్టండి. ఒక్కోదాని వివరాల్లో ఫోకల్ లెంత్ ఎంతో రాసి ఉంటుంది, కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి. 16-20 మధ్య ఎన్ని, 24-28 మధ్య ఎన్ని, 35 దగ్గర ఎన్ని, చివరికంటా జూమ్ చేసినవి ఎన్ని. నావి చూసుకుంటే సగానికి పైగా 30-35 మధ్యనే ఉన్నాయి. ఈ పని 50 కొనకముందు చేసి ఉంటే సరిపోయేది.

తర్వాత ఒక వారం పాటు ఆ ఎక్కువ గీతలు వచ్చిన అంకె దగ్గర కిట్ లెన్స్‌ని పెట్టి, జూమ్ రింగు మీద చిన్న కాగితపు టేపు అంటించి, దాన్ని కదపకుండా తీయండి. సోనీలాంటి పవర్ జూమ్ అయితే అంకె తెరమీద కనబడుతుంది, టేపు లేకపోయినా మనసు గట్టిగా పెట్టుకుంటే చాలు. వారం అయ్యాక విసుగు పుట్టిందా, అలవాటైందా అన్నది మీకే తెలుస్తుంది.

కెమెరా ఇంకా చేతికి రానివాళ్లు ఫోన్‌తో కూడా ఇది చూసుకోవచ్చు. చాలా ఫోన్ల మెయిన్ కెమెరా ఫుల్ ఫ్రేమ్ (36 ఎంఎం పొడుగున్న పెద్ద సెన్సర్) లెక్కలో 24-26 ఎంఎం చూపుతో ఉంటుంది. దాన్ని 2 ఎక్స్‌లో పెడితే సుమారు 50, 3 ఎక్స్‌లో పెడితే సుమారు 75. మొదటిసారి కొనే మిర్రర్‌లెస్‌లలో ఎక్కువగా ఉండేది అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్, దానిమీద ఏ లెన్స్ పెట్టినా చూపు ఒకటిన్నర రెట్లు బిగుసుకుంటుంది, కెనాన్‌లో అయితే 1.6 రెట్లు. అంటే ఫోన్‌లో 2 ఎక్స్ చూపు మీ కెమెరాలో 35 ఎంఎం లెన్స్ చూపుకి దగ్గర, 3 ఎక్స్ చూపు 50 ఎంఎం కి దగ్గర, జూమ్ చెయ్యని మామూలు చూపు 16 కి దగ్గర. ఇంట్లో నడవలో నిలబడి 3 ఎక్స్ పెట్టి మీ అమ్మగారిని నిలువెత్తున ఫ్రేములో పట్టించడానికి ప్రయత్నించండి. పట్టకపోతే 50 ఎంఎం సంగతి అక్కడే తేలిపోయింది.

టేపు పట్టుకుని అడుగులు కొలవండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, దీనికి ఒక గంట కేటాయించండి. మీరు మాటిమాటికీ ఫోటోలు తీసే చోట్లు మూడో నాలుగో ఉంటాయి. మా ఇంటి నడవ, మావయ్యగారి డాబా, మేం మామూలుగా తీసుకునే కల్యాణ మండపంలో వేదిక ముందు చోటు, గుడి ముఖమండపం, ఇవి నావి. ఒక్కో చోట మనిషి ఎక్కడ ఉంటాడు, నేను గరిష్ఠంగా ఎంత వెనక్కి పోగలను, మధ్య దూరం ఎన్ని అడుగులు అన్నది రాసుకున్నాను.

ఇప్పుడు లెక్క. ఫ్రేములో పొడుగు వైపున ఎన్ని అడుగులు పట్టాలో దాన్ని లెన్స్ ఫోకల్ లెంత్‌తో గుణించి, సెన్సర్ పొడుగైన 23.5 తో భాగిస్తే మీరు నిలబడాల్సిన దూరం అడుగుల్లో వస్తుంది. కెనాన్ ఏపీఎస్-సి అయితే 22.3 తో, పానసోనిక్, ఒలింపస్ (ఇప్పుడు ఓఎం సిస్టమ్) వాళ్ల మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 17.3 తో భాగించండి, ఫుల్ ఫ్రేమ్ అయితే 36 తో.

ఒక మనిషి నిలువెత్తు ఫోటో, కెమెరా నిలువుగా పట్టుకుని, తలపైనా కాళ్లకిందా కాస్త ఖాళీతో ఆరున్నర అడుగులు అనుకుందాం. 50 ఎంఎం కి దాదాపు 14 అడుగులు వెనక్కి ఉండాలి. 35 కి పది అడుగుల కంటే కాస్త తక్కువ. 24 కి ఆరున్నర చాలు. అదే ఆరుగురు పక్కపక్కన నిలబడితే పది అడుగుల వెడల్పు అవుతుంది, అప్పుడు 50 కి 21 అడుగులు, 35 కి 15, 24 కి పది అడుగుల పైచిలుకు, 16 కి ఏడు. మా నడవలో నాకు దొరికేది పదకొండు అడుగులు. పదకొండు అడుగుల్లో 50 ఎంఎం తో ఒక మనిషిని మోకాళ్ల దాకా పట్టగలను తప్ప నలుగు పెట్టే గుంపుని పట్టలేనని ఈ లెక్క ఒక్క నిమిషంలో చెప్పేసింది.

ఛాతీ దాకా వచ్చే ముఖం ఫోటోకి ఫ్రేములో రెండున్నర అడుగులు కావాలి, 50 కి అయిదడుగుల పైన, 35 కి మూడున్నర దాటి. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ముఖం ఎలా కనబడుతుందన్నది మనం ఎంత దూరంలో నిలబడ్డామన్న దాన్ని బట్టి ఉంటుంది. మూడడుగుల లోపలికి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయినట్టుంటాయి, పెద్దవాళ్లకి ఆ ఫోటో నచ్చదు. అయిదారు అడుగుల నుంచి తీస్తే ముఖం ముఖంలా ఉంటుంది. అందుకే ఎక్కువగా ఒంటరి ముఖాలే తీసేవాళ్లకి, ఆరుబయట తీసేవాళ్లకి 50 లేదా 56 నిజంగా చాలా మంచి లెన్స్. గోపాల్‌పూర్ తీరంలో పొద్దున్నే వల సర్దుకునే మన మత్స్యకార తాతల్ని తీస్తుంటే వెనక్కి జరగడానికి అడ్డేమీ లేదు, సముద్రం అంత చోటు.

మగ్గం గది లెక్క వేరు. బరంపురం పట్టు నేసే ఇళ్లలో గదిలో సగం మగ్గమే ఉంటుంది, నిలబడేందుకు మనకి నాలుగైదు అడుగులు దొరికితే గొప్ప, వెలుతురు కూడా ఒక కిటికీలోంచే. అక్కడికి 24 లాంటిది కావాలి. పైగా అంచు మీది గుడి గోపురాల వరస, నేతగాడి వేళ్లు దగ్గరగా తీయాలనిపిస్తుంది, అందుకని లెన్స్ ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో కూడా చూడాలి. కెనాన్ ఆర్ఎఫ్ 35 ఎఫ్ 1.8 అయితే 17 సెంటీమీటర్ల దాకా, నికాన్ 24 ఎఫ్ 1.7 అయితే 18 సెంటీమీటర్ల దాకా వెళ్తాయి, సిగ్మా 56 మాత్రం అర మీటరు దగ్గరే ఆగిపోతుంది. చీర అంచులు, నగలు, చేతి గోరింటాకు తీసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇన్ని లెక్కలు వద్దు, ఒక్క ముక్కలో చెప్పమంటారా? పాత ఇళ్లలో తీసే ఏపీఎస్-సి కెమెరావాళ్లలో ఎక్కువమందికి మొదటి లెన్స్ 24 నుంచి 35 మధ్యలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. 50 రెండో లెన్స్.

మీ కెమెరాకి ఏవి ఉన్నాయి

ధరలు పండగల ఆఫర్లని బట్టి మారుతుంటాయి కాబట్టి పైసలతో సహా రాయడం లేదు, తక్కువ ఖర్చు ప్రైమ్‌లు చాలామటుకు పదిహేను నుంచి ముప్పై వేల మధ్య తిరుగుతుంటాయి. మౌంట్, అంటే లెన్స్ కెమెరాకి బిగుసుకునే చోటు, తప్పితే లెన్స్ ఎక్కదు, ముందు అది సరిచూసుకోండి.

సోనీ జడ్‌వి-ఇ10, ఎ6400 వాళ్లకి దారులు ఎక్కువ. సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4 వచ్చింది 2016లోనే అయినా ఇప్పటికీ ఖర్చుకి తగ్గ లెన్సుల్లో నేను మొదట చెప్పేది అదే, ఎఫ్ 1.4 అంటే ఎఫ్ 1.8 కంటే ఇంకో ఒకటిన్నర రెట్లకి పైగా వెలుతురు. సోనీ వాళ్లదే ఇ 35 ఎఫ్ 1.8 బరువు 154 గ్రాములే, లోపలే ఓఎస్ఎస్ అనే చెయ్యి వణుకు ఆపే ఏర్పాటు ఉంది, కానీ ఖరీదు ఎక్కువ. 50 కావాలనుకుంటే ఒక జాగ్రత్త. సోనీలో దాదాపు ఒకే పేరుతో రెండు 50 ఎఫ్ 1.8 లు ఉన్నాయి. ఇ 50 లో ఓఎస్ఎస్ ఉంది, ఏపీఎస్-సి కోసం చేసినది. ఎఫ్ఇ 50 ఫుల్ ఫ్రేమ్‌ది, ఓఎస్ఎస్ లేదు, ఆటోఫోకస్ నెమ్మది, మోటారు చప్పుడు వీడియోలో వినిపిస్తుంది. చవకగా దొరుకుతోందని రెండోది కొనేసి తర్వాత బాధపడేవాళ్లు చాలామంది.

కెనాన్ ఆర్50, ఆర్10, ఆర్100 వాళ్లకి ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 అన్నిటికంటే చవక, 160 గ్రాములు. చోటు తక్కువైన ఇళ్లకి ఆర్ఎఫ్ 28 ఎఫ్ 2.8 ఉంది, బిస్కెట్టంత పల్చగా 120 గ్రాములు, ఎఫ్ 2.8 కాబట్టి చీకట్లో కాస్త వెనకబడుతుంది, అయినా కిట్ లెన్స్ ఎఫ్ 5.6 కంటే నాలుగు రెట్లు వెలుతురు. డబ్బు ఇంకాస్త పెట్టగలిగితే ఆర్ఎఫ్ 35 ఎఫ్ 1.8, అందులో చెయ్యి వణుకు ఆపే స్టెబిలైజేషన్ ఉంది, దగ్గరి ఫోటోలకీ పనికొస్తుంది. సిగ్మా తన ఎఫ్ 1.4 లెన్సులు ఆర్ఎఫ్ మౌంట్‌కి తెస్తున్నట్టు 2024లో ప్రకటించింది, కాబట్టి 30 ఎఫ్ 1.4 ఇప్పుడు కెనాన్ వాళ్లు కూడా చూడొచ్చు. పాత ఎం50 ఉన్నవాళ్లది వేరే మౌంట్, ఇఎఫ్-ఎం. అందులో 22 ఎంఎం ఎఫ్ 2 అనే 105 గ్రాముల చిన్న లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి, కాకపోతే రేపు ఆర్ సిరీస్‌కి మారితే అది అక్కడ పనిచేయదని తెలిసే కొనండి.

నికాన్ జడ్30, జడ్50 వాళ్లకి 24 ఎఫ్ 1.7 ని 2023లో తెచ్చారు, 135 గ్రాములు. పాత ఇళ్లలో తీసేవాళ్లకి కొలిచి చేసినట్టుంటుంది, మా చెల్లెలికి నేను కొనిపించింది అదే. 40 ఎఫ్ 2 ముఖాలకి బాగుంటుంది. ఫ్యూజీ వాళ్లు ఎక్స్‌సి 35 ఎఫ్ 2 చూడండి, ఖరీదైన ఎక్స్ఎఫ్ 35 ఎఫ్ 2 లో ఉన్న గాజు అమరికే ఇందులోనూ ఉంది, అపెర్చర్ రింగు లేదు, తుంపర, దుమ్ము లోపలికి పోకుండా ఆపే సీలింగ్ లేదు, ఒళ్లు ప్లాస్టిక్, ముఖ్యమైన తేడాలు ఇవే. మైక్రో ఫోర్ థర్డ్స్‌కి పానసోనిక్ 25 ఎఫ్ 1.7, ముఖాలకి ఒలింపస్ 45 ఎఫ్ 1.8.

విల్‌ట్రాక్స్, టీటీఆర్టిసాన్ లాంటి కంపెనీలు ఇంకా తక్కువకి ఆటోఫోకస్ ప్రైమ్‌లు ఇస్తున్నాయి, బాగుంటున్నాయి కూడా. వాటికి ఫర్మ్‌వేర్ (లెన్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఎలా చెయ్యాలో, మీ కెమెరా మోడల్‌తో ఆటోఫోకస్ సరిగ్గా ఉందో లేదో అదే కెమెరా వాడేవాళ్ల మాట విన్నాకే తీసుకోండి. అయిదారు వేలకే దొరికే మాన్యువల్ ఫోకస్ లెన్సులు కదలని వాటికి సరదాగా ఉంటాయి, ఉయ్యాల్లో పాపకి, నాట్యం చేసే అమ్మాయికి మొదటి ఏడాదిలో వాటితో ఫోకస్ పట్టడం కష్టం. కొన్నా సరే కెమెరా మెనూలో "లెన్స్ లేకపోయినా షట్టర్ పనిచేయాలి" అనే ఆప్షన్ ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కినా ఫోటో పడక లెన్స్ పాడైందని టెన్షన్ పడతారు.

ఎవరైనా పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు తన పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్ ఇస్తాను, అడాప్టర్ (వేరే మౌంట్ లెన్స్‌ని కెమెరాకి కలిపే రింగు) పెట్టుకో అంటే తొందరపడకండి. కెనాన్ పాత ఇఎఫ్ 50 ఎస్టీఎమ్‌ని కెనాన్ అడాప్టర్‌తో ఆర్ సిరీస్ మీద పెడితే ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది. నికాన్ పాత 50 ఎఫ్ 1.8 డి మాత్రం ఎఫ్‌టీజడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ అవ్వదు, ఆ లెన్స్‌లో మోటారు లేదు, అడాప్టర్‌లోనూ లేదు. పైగా అడాప్టర్ ఖరీదు కలిపితే కొత్త లెన్స్ వచ్చేస్తుంది.

చెయ్యి వణుకు సంగతి

జడ్‌వి-ఇ10, ఎ6400, ఆర్50, ఆర్10, జడ్30, జడ్50 వీటిలో దేనికీ బాడీలో స్టెబిలైజేషన్ లేదు. అందుకని స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్‌కే ఎక్కువ పెట్టాలా అని అడుగుతారు. ఆ ఏర్పాటు మన చెయ్యి వణుకుని ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికని ఆపలేదు. మనుషుల్ని తీసేటప్పుడు ఎలాగూ షట్టర్ 1/100 అయినా పెట్టాలి, ఆ వేగంలో 35 ఎంఎం కి వణుకు కనబడదు. చేత్తో పట్టుకుని వీడియో ఎక్కువ తీసేవాళ్లకి మాత్రం ఆ డబ్బు పెట్టడం న్యాయమే. ఫోటోలే తీసేవాళ్లు ఆ డబ్బుతో ఎఫ్ 1.4 కొనుక్కోండి.

ఎక్కడ కొనాలి, సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూడాలి

మన చిన్న ఊళ్లలో ప్రైమ్ లెన్సులు షాపులో సిద్ధంగా ఉండటం అరుదు. భువనేశ్వర్‌కో విశాఖకో రైలెక్కడం, లేదా ఆన్‌లైన్. రైలు ఛార్జీ పెట్టుకునైనా ఒకసారి చేత్తో పట్టుకుని మీ కెమెరాకి పెట్టి చూసుకోవడం మంచిదని నేనంటాను. ఆన్‌లైన్ అయితే జీఎస్‌టీ బిల్లు ఇస్తారా, కంపెనీ ఇండియా వారంటీ ఉందా అన్నది ముందే అడగండి. ధర మరీ తక్కువగా ఉంటే అది వేరే దేశం నుంచి వచ్చిన సరుకు కావచ్చు, దానికి ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి టేపు కోయడం నుంచి సీరియల్ నంబర్ కనబడేదాకా ఆపకుండా వీడియో తీయండి. ఒకసారి నాకు వేరే మౌంట్ లెన్స్ పంపారు, ఆ వీడియో ఉండబట్టే వెనక్కి తీసుకున్నారు.

సెకండ్ హ్యాండ్ లెన్స్‌లో మన తీరప్రాంతంలో మొదటి శత్రువు ఫంగస్. ఫోన్ టార్చ్ వెనక వైపు నుంచి వేసి ముందు నుంచి ఓరగా చూడండి, సాలెగూడులాగా, వేరులాగా సన్నటి తెల్లటి పోగులు కనబడితే ఎంత చవకైనా వద్దు. నాలుగైదు దుమ్ము రేణువులు ఉంటే ఫరవాలేదు, ఫోటోలో కనబడవు. తర్వాత కెమెరాకి పెట్టి, అపెర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరాయే చూసుకునే మోడ్‌లో ఎఫ్ 1.8, ఎఫ్ 5.6, ఎఫ్ 11 దగ్గర ఒక్కో ఫోటో తీయండి, ఒకే వెలుతురు వచ్చేలా కెమెరా షట్టర్ మార్చుకుంటోంది కదా, ఒక ఫోటో మాత్రం తెల్లగా పోతే అపెర్చర్ రేకులు ఇరుక్కుంటున్నట్టు. ఒక గోడకి ఎదురుగా సూటిగా నిలబడి, గోడ మీద నాలుగు మూలలా నాలుగు వార్తాపత్రిక ముక్కలు అంటించి ఎఫ్ 2.8 దగ్గర తీసి పెద్దది చేసి చూడండి. నాలుగు మూలలూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే సహజం, మూడు బాగుండి ఒక్క మూల పొగమంచులా ఉంటే లెన్స్ ఎప్పుడో కింద పడి లోపలి గాజు పక్కకి జరిగింది. వెనక ఉన్న బంగారు రంగు కాంటాక్టులు, మౌంటు స్క్రూలు చూడండి, స్క్రూ తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో విప్పారు. దగ్గరి వస్తువు, దూరపు వస్తువు మార్చిమార్చి పదిసార్లు ఆటోఫోకస్ చేయించండి.

లెన్స్‌తో పాటు దాని ముందు తగిలించే హుడ్ కొనండి, కెనాన్ చవక లెన్సుల డబ్బాలో అది రాదు. పక్కనుంచి పడే లైటుని ఆపుతుంది, కింద పడితే మొదటి దెబ్బ అదే తింటుంది. సముద్రం దగ్గరికి వెళ్లేవాళ్లకి యూవీ ఫిల్టర్ కూడా అవసరమే, తుంపర ఎండితే ఉప్పు మరక అవుతుంది, దాన్ని లెన్స్ గాజు మీద రుద్దడం కంటే ఫిల్టర్ మీద రుద్దడం నయం. ఇసకలో నిలబడి లెన్స్ మార్చకండి, అవసరమైతే ఆటోలో కూర్చుని మార్చుకోండి.

కొన్నాక మొదటి పదిహేను రోజులు

కొత్తలో అందరూ ఎఫ్ 1.8 లోనే తీస్తారు, వెనకంతా కరిగిపోయినట్టుంటే కళ్లకి పండగలా ఉంటుంది మరి. కానీ అయిదడుగుల దూరంలో 50 ఎంఎం ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు రెండున్నర అంగుళాలే. అమ్మ ఒళ్లో పాప ఉంటే ఇద్దరిలో ఒకరే ఫోకస్‌లో ఉంటారు. అందుకని ఒక్కరైతే ఎఫ్ 2 దగ్గర, ఇద్దరైతే ఎఫ్ 2.8, రెండు వరసల గుంపైతే ఎఫ్ 4 అని గుర్తుపెట్టుకోండి. కంటిని గుర్తుపట్టే ఆటోఫోకస్ ఉంటే ఆన్‌లో ఉంచండి.

షట్టర్ స్పీడ్ లైట్లని బట్టి కూడా చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కంటికి కనబడదు గానీ ఫోటోలో అడ్డంగా నల్ల చారలు వస్తాయి. 1/50 లేదా 1/100 దగ్గర ఆ చారలు చాలావరకు రావు, కాబట్టి నెమ్మదిగా కదిలే పూజలకి 1/100 పెట్టండి. నాట్యానికి 1/250 తప్పదనుకుంటే మెనూలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి, చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేయండి.

బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్ర ఈ లెన్స్‌కి అసలైన పరీక్ష. రాత్రి ఘటాలు ఎత్తుకుని ఆడవాళ్లు వస్తుంటే, రకరకాల వేషాలు కట్టినవాళ్లు జనంలో తిరుగుతుంటే, సన్నటి వీధి, రంగురంగుల సీరియల్ లైట్లు, భుజాలు తగిలే రద్దీ. నేను 35 పెట్టుకుని, ఎఫ్ 2, షట్టర్ 1/200, ఐఎస్ఓ ఆటోలో గరిష్ఠంగా 6400 అని పెట్టేసి ఇక సెట్టింగులు ముట్టుకోను. ఆ రద్దీలో లెన్స్ మార్చే ఆలోచనే రానివ్వను. మొక్కు తీర్చుకునేవాళ్ల ముఖం మీద ఫ్లాష్ కొట్టకుండా తీయగలగడం ఈ లెన్స్ ఇచ్చిన పెద్ద మేలు. ముఖం దగ్గరగా తీసేముందు కళ్లతోనైనా అడగండి, తల ఊపితేనే తీయండి.

వానాకాలం రాకముందే

లెన్స్ తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది, చీకటి తోడైతే ఫంగస్ పెరుగుతుంది. తేమని అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ కొనలేకపోతే వంటింటి సామాన్లు పెట్టుకునే గట్టి మూత డబ్బా, అందులో ఒక సిలికా జెల్ సంచి, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ చాలు. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య చూపించాలి. 60 దాటి అక్కడే ఉంటే జెల్ పని అయిపోయినట్టు. నీలం గుళికలు గులాబీ రంగుకి, నారింజవి ఆకుపచ్చకి తిరిగితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు, కానీ నీలం వాటిలో విషపదార్థం ఉంటుంది, అన్నం కూర వండే గిన్నెలో వేడి చేయకండి, నారింజవే కొనుక్కోండి. వాన రోజుల్లో వారానికోసారి లెన్స్ బయటికి తీసి, కెమెరాకి పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని పది ఫోటోలు తీసి, తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టేయండి.